రెండు విస్తళ్లు

నేను చేసిన యొక తప్పిదమును మీతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా సంఘములో ఒక సహోదరి కలదు. బాగుగా లావైన మనిషి. కొన్నేండ్ల క్రిందట కోతపండుగ ప్రేమవిందులో నేనే వడ్డించుచు, "అమ్మా, నీకు రెండు విస్తళ్లు వేయమందువా?" అంటిని. అందరును నవ్విరి. ఆమెయు నవ్వెను. ఆమె నవ్వినది గదా యని నేను మరచిపోతిని.

తరువాత ఆమెకు ఒకటే నీరసము, ముఖము ఉబ్బుట, గొంతు బొంగురుపోవుట మొదలాయెను. పట్నములోని ఆసుపత్రికి పోగా, డాక్టరుగారు కుర్చీలోనుండి లేవకయే "తిండి తగ్గించు" అని పంపివేసిరట. నాడియైనను చూడలేదు. మరియొకసారి రక్తపోటు చూచు పట్టీ ఆమె చేతికి చాలకపోగా అక్కడివారు నవ్విరట. లావు చేతికి ఇరుకు పట్టీ బిగించినచో ఉన్నదానికంటె ఎక్కువ రక్తపోటు చూపును. పెద్ద పట్టీ తెచ్చి కట్టవలెను. అది ఆసుపత్రివారికి తెలియని సంగతి కాదు. ఆ మీదట రెండేండ్లు ఆమె వైద్యుని గడప త్రొక్కలేదు.

తుదకు మా ఊరికి చుట్టపుచూపుగా వచ్చిన ఒక నర్సమ్మ ఆమె గొంతు విని అనుమానించి రక్తపరీక్ష చేయించెను. మెడలోని థైరాయిడు గ్రంథి సరిగా పనిచేయుటలేదని తేలెను. రోజును పరగడుపున ఒక మాత్ర, అంతే. బరువు తగ్గినది కొంచెమే గాని, నీరసము వదలిపోయెను.

లావు వలన మధుమేహము, మోకాళ్ల నొప్పులు రావచ్చునన్నమాట నిజమే. (బక్కపలుచని వాడనైన నేనును షుగరు మాత్రలు మ్రింగుచునే యున్నాను.) అయితే లావు తిండివలననే వచ్చునా? వంశమును బట్టి వచ్చును, గ్రంథులను బట్టి వచ్చును, ఇన్సులిను, స్టెరాయిడు వంటి మందులవలనను వచ్చును. లావైనవారిని చులకన చేయుట వారికి హాని చేయుననియు, తగిన వైద్యము అందకుండ చేయుననియు 2020లో అనేక దేశముల నిపుణులు కలిసి ప్రకటించిరి. యెష్షయి యింట ఏలీయాబు ఎత్తును చూచి సమూయేలు ఎట్లు పొరబడెనో నేను ఎన్ని మారులు ప్రసంగించితినో!

క్షమాపణ అడుగుటకు ఆమె యింటికి పోతిని. "ఎప్పటి మాటో అయ్యగారూ, పోనీయండి" అని నాకు అన్నము వడ్డించెను. తాను కూర్చుండలేదు. నీవును తినుమమ్మా అనగా, "మీరు వెళ్లాక తింటానులెండి" అనెను. ఈ యేటి కోతపండుగకును వచ్చినది. విందు గిన్నెలన్నియు తోమిపెట్టి, తినకుండనే ఇంటికి వెళ్లిపోయినది.