పేరు ఇద్దరిది, గడప ఒకరిది

చింతపల్లి, జీకే వీధి, కొయ్యూరు వైపు ఊళ్ల నుంచి ఉద్యోగాల్లోకి వచ్చినవాళ్లం చాలామందిమి నర్సీపట్నంలోనే ఇల్లు చూసుకుంటాం. పిల్లల కాలేజీ, ఆసుపత్రి, కొండకు పోయే బస్సు అన్నీ ఇక్కడే. ఇంకో కారణమూ ఉంది. కొండమీద మన స్థలాన్ని చూసి బ్యాంకు ఇంటి అప్పు ఇవ్వడం అరుదు. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీ భూమి గిరిజనులకే బదిలీ కావాలి. స్వాధీనం ఇవ్వకుండా బ్యాంకుకు తాకట్టు పెట్టే వీలు ఆ చట్టంలోనే ఉన్నా, బాకీ తీరకపోతే ఆ ఆస్తిని మళ్లీ మనవాళ్లకే అమ్మాలి. కొనేవాళ్లు తక్కువ, అందుకని బ్యాంకు వెనకాడుతుంది. దీనికి చట్టాన్ని తిట్టేవాళ్లు మనలోనూ ఉన్నారు. నేను తిట్టను. అది లేకపోతే ఈపాటికి లంబసింగి చుట్టూ మనకు మిగిలేది రిసార్టుల్లో అంట్లు తోమే పనే.

అయితే ఆ చట్టం ఘాటు దిగి రాదు. నర్సీపట్నం మైదానం. ఇక్కడ మన ఇంటిని ఎవరైనా కొనవచ్చు, బ్యాంకు వేలం వేయవచ్చు. ఇక్కడ మనకు కాపలా మన కాగితాలే.

2019లో నేను 24 లక్షలకు ఇల్లు కొన్నాను. మా ఆయనది వ్యవసాయం, జీతం కాగితం చూపించలేం. నా ఒక్కదాని జీతానికి వచ్చే అప్పు చాలలేదు. చింతపల్లి వైపు టీచరుగా ఉన్న తమ్ముడు, "నా పేరు కూడా వెయ్యించక్కా, సంతకమే కదా" అన్నాడు. అక్కాతమ్ముళ్లు కలిసి అప్పు అడిగితే దస్తావేజులోనూ ఇద్దరి పేర్లు ఉండాలంది బ్యాంకు. అమ్మనీ కాఫీ తోటనీ వదిలి వాడు కిందికి రాడని అందరికీ తెలుసు. 18 లక్షల అప్పు, 15 ఏళ్లు, నెలకు 17,725 రూపాయలు. మిగతా ఆరు లక్షల్లో మూడు నావి, మూడు వాడివి. ఈఎంఐ అంతా నేనే కట్టాలని అనుకున్నాం.

ఆ "సంతకమే కదా" అన్న మాట మన టీచర్లందరి నోటా వింటుంటాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 43వ సెక్షను ఉంది. ఇద్దరు కలిసి మాట ఇస్తే, ఇచ్చినవాడు ఆ ఇద్దరిలో ఎవరి దగ్గరైనా మొత్తం బాకీ వసూలు చేసుకోవచ్చు. సగం సంతకానికి సగం అప్పు అనేది లేదు. ఆ ఇంట్లో ఎవరు పడుకుంటున్నారో బ్యాంకు అడగదు. నేను వాయిదా తప్పితే వాడి సిబిల్ కూడా పాడవుతుంది. 90 రోజులు దాటితే అది మొండి బాకీ. ఆపైన సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువుతో వచ్చే నోటీసు కొండమీద ఉన్న వాడికీ వస్తుంది.

ఉద్యోగం లేని తోబుట్టువు పేరు వేస్తే ఇంకో చిక్కు. ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో ఇల్లు రావాలంటే దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. ఒక్కనాడూ ఉండని ఇంట్లో వాటా ఉందని, తన ఊళ్లో రావలసిన ఇల్లు పోతుంది.

మన ఊళ్లలో పెద్దల ముందు చెప్పిన మాటే పత్రం. బ్యాంకుకూ రిజిస్ట్రారు ఆఫీసుకూ ఆ పెద్దలు తెలియదు. అందుకే దస్తావేజు రాయించేటప్పుడే వాడిది ఎనిమిదో వంతు, నాది మిగతాది అని వేయించాం. వాటాలు రాయకపోతే రేపు ఎవరైనా సగం సగం అనవచ్చు. ఈఎంఐ నాదేనని, వాడి పిల్లలు చదువుకు వస్తే ఒక గది వాళ్లదని విడిగా స్టాంపు కాగితం మీద రాసుకున్నాం. ఈ రెండో కాగితం మా ఇద్దరి మధ్యే, బ్యాంకును కట్టడి చేయదు.

చావు మాట కూడా ముందే మాట్లాడుకున్నాం. మాట్లాడితే అపశకునం అని అమ్మ లేచి వెళ్లిపోయింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 2(2) సెక్షను ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. ఆచారమే దిక్కు. 2025 జులైలో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో, ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారం రుజువు కానప్పుడు వాళ్లకూ సమాన వాటా ఉంటుందని సుప్రీంకోర్టు చెప్పింది. మంచి తీర్పే. కాని మా మరదలు ఒక ఎనిమిదో వంతు కోసం కోర్టుల చుట్టూ తిరగకూడదని ఇద్దరం వీలునామాలు రాశాం.

ఇప్పుడు తమ్ముడు అమ్మ ఇంటి పక్కనే రెండు గదులు కట్టాలనుకుంటున్నాడు. జీతం మీద అప్పుకు వెళితే, నేను కడుతున్న 17,725 రూపాయలూ వాడి నెత్తినే లెక్కగట్టి తగ్గించేశారు. మరదలు నన్నే అడిగింది. "వదినా, మేం ఉండని ఇంటికి మా ఇల్లు ఆగిపోవాలా?" ఆమె అడిగింది న్యాయం.

నా జీతం పెరిగింది, మిగిలిన బాకీకి నేనొక్కదాన్నే చాలుతానని బ్యాంకు ఒప్పుకుంది. తమ్ముడు తన వాటా వదులుకుంటూ రిజిస్టరు దస్తావేజు చేయాలి. "నా మూడు లక్షలు ఇస్తే చాలక్కా" అంటాడు వాడు. మరదలు మాత్రం ఎనిమిదో వంతంటే ఇవాళ్టి ధరలో ఎనిమిదో వంతు అంటుంది. ఇల్లు ఇప్పుడు 40 లక్షలు పలుకుతోంది, అంటే 5 లక్షలు. ఆరేళ్లు వాడు తన పేరును నా అప్పుకు కట్టి ఉంచాడు. నేను మరదలి లెక్కే ఒప్పుకున్నాను. మూడు లక్షలు సిద్ధంగా ఉన్నాయి, మిగతా రెండు పీఎఫ్‌లోంచి తీయడానికి దరఖాస్తు పెట్టాను. గది మాత్రం అలాగే ఉంటుంది. వచ్చే జూన్‌లో మేనకోడలు ఇంటర్‌లో చేరుతోంది.