ఒక్క సున్న

నెలకో ఆదివారం మేం కలుస్తాం. భద్రాచలానికి ఎగువన, గోదావరికి దగ్గరగా ఉన్న ఒక గూడెం బడిలో. ఏడెనిమిది మందిమి వస్తాం. అందరం కోయవాళ్లమే. ఎక్కువమందిమి డి.ఎడ్. చేసి బడిపంతుళ్లమైనవాళ్లం. ఒక అంగన్‌వాడీ అక్క, రిటైరైన తెలుగు పండిట్ సారు ఒకరు, మా దగ్గర చదివి ఇప్పుడు ఇంటర్‌కొచ్చిన పిల్లలు ఇద్దరు ముగ్గురు కూడా వస్తారు. ఒకటో తరగతి బల్లల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటాం. ఇప్పపువ్వు రాలే రోజుల్లోనూ, ఆ వెనకే వచ్చే తునికాకు రోజుల్లోనూ మీటింగు ఉండదు. అప్పుడు ఎవరినీ పిలవం, పిలిచినా రారు.

మా పద్ధతి చిన్నది. రాసినవాళ్లు ముందు తామే చదువుతారు. రెండోసారి వాళ్ల చేతిలోంచి కాగితం తీసుకుని ఇంకొకరు చదువుతారు. చదివేవాళ్ల నాలుక ఎక్కడ తడబడితే అక్కడ పెన్సిల్‌తో గీత. ఆ గీతల దగ్గరే మా పనంతా. కథ రాసినా, వ్యాసం రాసినా ఇదే వరస. కొత్తగా రాయాలనుకునే పిల్లలకు మేం చెప్పగలిగేది కూడా ఇదొక్కటే: మీ రాతను ఇంకొకరి నోట వినండి. మనం చదివేటప్పుడు మన గొంతు మన తప్పుల్ని దాచేస్తుంది.

ఈసారి మా ముందుకొచ్చింది మూడు పేజీల జ్ఞాపకం. మాలో ఒకరు రాశారు. ఎవరన్నది ఇక్కడ చెప్పడం లేదు, ఇప్పుడది అందరిదీ అయిపోయింది. విషయం ఇది. ఒకటో తరగతిలో ఉన్న పిల్లాడికి దాహమేసింది. నిలబడి "ఏరు" అన్నాడు. కోయలో ఏరంటే నీళ్లు. మైదానం నుంచి వచ్చిన పంతులుకి అది తెలుగు ఏరు. దొడ్డికి వెళ్తానంటున్నాడనుకుని "పోయిరా, తొందరగా రా" అన్నాడు. పిల్లాడు ఎండలో వాగు దాకా నడిచి, కడుపునిండా తాగి, మళ్లీ నడిచొచ్చాడు. ఆలస్యమైనందుకు అరచేతుల మీద దెబ్బలు. నీళ్ల కుండ పంతులు కుర్చీ పక్కనే ఉంది.

జ్ఞాపకం బాగుంది. కానీ దాని దగ్గరికి రావడానికి ఒకటింబావు పేజీ పట్టింది. మొదటి వాక్యం "అనాదిగా అడవితల్లి ఒడిలో అమాయకంగా జీవిస్తున్న గిరిజనులు" అని మొదలైంది. మాలో ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ వాక్యం రాశాం. ట్రైనింగులో ఉపన్యాస పోటీలకీ, ఆగస్టు 9న స్టేజీల మీదా అదే చదివాం. "అమాయకులమని మనమే రాసుకుంటే ఇక పైవాళ్లకి పనేముంది?" అన్నారు పండిట్ సారు. అందరం నవ్వాం, రాసినవాళ్లు కూడా నవ్వారు. ఆ పేజీంబావూ పోయింది. "ఒకటో తరగతిలో నాకు దాహమేసింది" దగ్గర మొదలుపెట్టాం.

తర్వాత "ఏరు" పక్కన బ్రాకెట్‌లో "నీళ్లు" అని పెట్టాలా వద్దా అని చాలాసేపు వాదించుకున్నాం. పెట్టకపోతే తెలుగువాళ్లకి అర్థం కాదని ఒకరు. పెడితే మన మాట ప్రతిసారీ కాపలావాడితో వచ్చినట్టుంటుందని ఇంకొకరు. చివరికి బ్రాకెట్ తీసేసి, కుండని ముందుకు జరిపాం. పిల్లాడు కుండకేసి చూస్తూ "ఏరు" అంటాడు. చదివేవాళ్లకి అర్థమవుతుంది, పంతులుకి కాదు. "ఏరు" అని రాయాలా, "ఏర్" అని రాయాలా అన్నది మరో గొడవ. మా గూడేల మధ్యనే పలుకుబడి మారుతుంది. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్నపిల్లల చదువు మొదలుపెట్టినప్పుడు కోయ కూడా అందులో ఉంది. ఆ వాచకాలూ తెలుగు లిపిలోనే వచ్చాయి. అక్షరం అరువుదైనప్పుడు ఈ తగవు తప్పదు. రాసినవాళ్ల అమ్మ ఎలా అంటుందో అలాగే ఉంచాం.

ఇక్కడి దాకా పని హాయిగా సాగింది. టీ కూడా వచ్చింది.

చివరి పేరాలో ఒక వాక్యం ఉంది: "ఆ రోజుల్లో ఉపాధ్యాయులు గిరిజన విద్యార్థుల భాషను చిన్నచూపు చూసేవారు." రెండోసారి చదువుతున్నది ఇంటర్ మొదటి సంవత్సరం అమ్మాయి. ఆ వాక్యం దగ్గర ఆగింది. మాటలేవీ కష్టమైనవి కావు. తడబడిందేమోనని పెన్సిల్ తీశాం.

"ఒకటి అడగొచ్చా సార్?" అంది.

"అడుగమ్మా" అన్నారు పండిట్ సారు.

"ఆ రోజులంటే ఏ రోజులు సార్? నేను రెండో తరగతిలో మూండు అన్నందుకు నాలుగు దెబ్బలు తిన్నాను."

మూండు అంటే కోయలో మూడు. ఎక్కం చెప్పమంటే చెప్పింది. మూడు అనమన్నారు, మళ్లీ మూండే వచ్చింది. ఒక్క సున్న ఎక్కువైంది. ఆమె ఆ బడిలో చదివిన ఐదేళ్లలో అక్కడ పనిచేసినవాళ్లం ముగ్గురం ఆ గదిలోనే ఉన్నాం. ఎవరు కొట్టారో ఆమె చెప్పలేదు. మేమూ అడగలేదు. ముగ్గురిలో ఎవరికి వాళ్లకి తామేనేమో అనిపించింది. బెత్తం గుర్తుంది, పలకమీద కొట్టిన చప్పుడు గుర్తుంది, ఏ పిల్లో గుర్తు లేదు.

ఇది ఎప్పటి మాటో కాదు. పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో రాసిపెట్టారు. ఆ తర్వాతదే ఇది. ఇంకో సంగతీ ఉంది. మాలో సగం మందికి ఉద్యోగం వచ్చింది 2000 జనవరిలో వచ్చిన 3వ నంబరు జీవో వల్ల. ఏజెన్సీ బడుల్లో పంతుళ్ల పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో అది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు మేం ధర్నాలకి వెళ్లాం. మైకు పట్టుకుని ఏం చెప్పాం? మా పిల్లల భాష మాకే తెలుసని చెప్పాం. అది నిజమే. తెలుసు. పంతులుకి "ఏరు" అర్థం కాలేదు. మాకు "మూండు" అర్థమయింది. అర్థమయ్యే కొట్టాం.

ఎందుకు కొట్టామో ఆ పూట ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకున్నాం. ఆఫీసర్లు వచ్చి ప్రశ్నలడిగితే పిల్లలు తెలుగులో చెప్పాలని ఒకరన్నారు. మనం తిన్న దెబ్బలే మనకి ఉద్యోగం తెచ్చాయని లోపల ఎక్కడో నమ్మామని ఇంకొకరన్నారు. రెండో మాట దగ్గర చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

పండిట్ సారు లేచి బోర్డు మీద "మూఁడు" అని రాశారు. పాత తెలుగు పుస్తకాల్లో ఇలాగే, అరసున్నతో అచ్చువేసేవారని చెప్పారు. అంటే ఒకప్పుడు తెలుగువాళ్లు కూడా అక్కడ ముక్కుతో పలికేవాళ్లన్నమాట. తమిళంలో ఆ నకారం ఈనాటికీ ఉంది. తెలుగు సగం చేసి, ఆ సగాన్ని కూడా వదిలేసిన సున్న కోయలో నిండుగా నిలిచింది. "పిల్ల తప్పు పలకలేదు. మనకన్నా పాతగా పలికింది, అంతే" అన్నారు.

మాకు కాస్త తేలికగా అనిపించింది. మంచి ముగింపు దొరికిందని ఒకరు నోటుపుస్తకం కూడా తీశారు. అప్పుడు అంగన్‌వాడీ అక్క అంది: "అయితే, తప్పు పలికుంటే కొట్టొచ్చా సారూ?"

నోటుపుస్తకం మూసేశారు. అరసున్న సంగతి ఆ రచనలో పెట్టలేదు. పెడితే మేం పండితులమని తెలుస్తుంది, పిల్ల అరచేయి వెనక్కి పోతుంది. ఇక్కడ మాత్రం రాస్తున్నాం, టీచర్లకి తెలియాలి కాబట్టి.

మిగిలింది ఆ ఒక్క వాక్యం. మధ్యాహ్నం రెండయింది. "చిన్నచూపు చూసేవారు" కొట్టేశాం. "మా పంతులు కొట్టాడు" అని రాశాం. దాని కింద "మేము కూడా కొన్నిసార్లు కఠినంగా ఉండాల్సి వచ్చింది" అని ఒకరు చేర్చారు. చదివితే ఇన్‌స్పెక్షన్ రిజిస్టర్‌లో రాసినట్టుంది. "ఉండాల్సి వచ్చింది" అంటే ఎవరో వెనక నుంచి తోసినట్టు. అది కూడా కొట్టేశాం. "పంతుళ్లమయ్యాక మేమూ కొట్టాం" అని రాశాం. ఆ అమ్మాయి విని, "ఎందుకు కొట్టారో కూడా రాయండి సార్, లేకపోతే అల్లరి చేసినందుకు అనుకుంటారు" అంది. ఆమె చెప్పింది నిజం. చివరికి ఇలా తేలింది:

"మా పంతులు కొట్టాడు. పంతుళ్లమయ్యాక మేమూ కొట్టాం. మూండు అన్నందుకు."

మూడు పేజీలు ఒక పేజీ అయింది. ఒక్క విషయం ఇంకా తేలలేదు. రచన మొత్తం "నేను" అని నడుస్తుంది, ఈ వాక్యంలో మాత్రం "మేము" అని ఉంది. దెబ్బలు తిన్నప్పుడు నేను, కొట్టినప్పుడు మేమా అని పండిట్ సారు అడిగారు. రాసినవాళ్లు ఆలోచించుకుంటామన్నారు. ఈ వ్యాసం కూడా "మేము" అనే రాస్తున్నాం కదా అని మాకూ గుచ్చుకుంది. ముగ్గురిలో ఎవరో తేలేదాకా ఇంతకంటే వేరే మాట మా దగ్గర లేదు.

అచ్చుకి పంపడానికి శుభ్రంగా రాయమని కాగితాలు ఆ అమ్మాయికే ఇచ్చాం. మాలో ఆమె దస్తూరీయే బాగుంటుంది. "నేను" అని రాయాలో "మేము" అని రాయాలో తెలిసేదాకా ఆ ఒక్క చోటు ఖాళీగా వదిలేస్తానంది. ఇప్పపువ్వు మొదలైంది. తునికాకు కూడా అయిపోయి, బడులు తెరిచాక, జూన్‌లో కలుస్తాం.