కోరంగి ఓడ, యానాం ఓడ

మాది తాళ్లరేవు దగ్గర పల్లె. కోరంగి నుంచి యానాం బస్సులో అరగంట కూడా పట్టదు. గోదావరి అదే, మడ అడవులు అవే, మాట అదే. కానీ 19వ శతాబ్దంలో కోరంగి ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉంది, యానాం ఫ్రెంచివాళ్ల చేతిలో. అందుకని కోరంగి రేవులో ఓడెక్కిన కూలీలు మారిషస్‌లో దిగారు. 1820ల చివర్లోనే యానాంలో ఎక్కినవాళ్లు బూర్బన్ దీవిలో దిగారు. బూర్బన్ పేరు ఇప్పుడు రీయూనియన్. రెండు దీవుల మధ్య సముద్రం దాదాపు నూట డెబ్బై అయిదు కిలోమీటర్లు. మారిషస్ స్వతంత్ర దేశం. రీయూనియన్ మాత్రం ఈనాటికీ ఫ్రాన్సులో ఒక జిల్లా. ఒకే ఒడ్డు నుంచి వెళ్లిన మనుషుల మనవలు ఒకచోట తమను తాము ఏలుకుంటూ, మరోచోట తొమ్మిది వేల కిలోమీటర్ల అవతలున్న పారిస్ ఏలుబడిలో ఎలా బతుకుతున్నారో చూడాలని ఎన్నో ఏళ్లుగా కోరిక. చివరికి రెండూ ఒకే ప్రయాణంలో చూశాను.

ముందు మారిషస్. పోర్ట్ లూయిస్ రేవు పక్కనే ఆప్రవాసీ ఘాట్. నల్లటి అగ్నిశిలతో కట్టిన మెట్లు, వలస డిపో గోడలు. 1834 నవంబరు 2న ‘అట్లాస్’ ఓడలో 36 మంది దిగారు. ఆ తర్వాత 20వ శతాబ్దం తొలినాళ్ల దాకా దాదాపు నాలుగున్నర లక్షల మంది వచ్చారు. 1835లో ఇక్కడ బానిసత్వం రద్దయింది. బానిసల స్థానంలోకి కాగితం మీద వేలిముద్ర వేసిన కూలీలు వచ్చారు. నవంబరు 2 ఇప్పుడు ఈ దేశంలో జాతీయ సెలవు. 2006 నుంచి ఈ ఘాట్ యునెస్కో వారసత్వ స్థలం. మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. వచ్చినవాడి పేరు, ఊరు, కులం, ఎత్తు, ఒంటి మీద మచ్చలు అన్నీ రాసుకున్నారు. వాటిని రాసింది యజమానుల అవసరం కోసం. ఇప్పుడు మనవలు వచ్చి తమ తాతల్ని వాటిలో వెతుక్కుంటున్నారు. తమ పూర్వీకుల్ని మళ్లీ పేరుపెట్టి పిలుచుకునే వీలు ప్రజలకు ఒక ప్రభుత్వం కల్పించడం ఎంత పెద్ద సంగతో ఆ గదిలో నిలబడితే అర్థమవుతుంది.

దీవి తూర్పు వైపు చెరకు తోటల మధ్య ఒక పల్లెలో తెలుగు టీచరమ్మ ఇంట్లో భోజనం. ఆవిడ విశాఖపట్నంలో తెలుగు ఎం.ఏ. చదివి వచ్చారు. ఇంట్లో అందరూ క్రియోల్ మాట్లాడతారు. పత్రిక ఫ్రెంచిలో వస్తుంది, పార్లమెంటు ఇంగ్లీషులో నడుస్తుంది. తెలుగు మాత్రం బడిలో, గుడిలో. “ఇంట్లో మాట పోయిందండి. అందుకే బడిలోనైనా నిలబెట్టుకోవాలని మా పెద్దలు పోరాడారు” అన్నారావిడ. ప్రభుత్వ బడిలో తెలుగు పాఠ్యాంశం, టీచరుకి ప్రభుత్వ జీతం. ఉగాదికి దేశమంతటికీ సెలవు. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండగ, రాత్రి పొడుగునా దీపం చుట్టూ తిరుగుతూ పాడే రామ భజన ఇంకా ఉన్నాయి. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది ఈ దేశంలోనే. పన్నెండున్నర లక్షల జనాభాలో తెలుగువాళ్లు చిన్న సమూహం. అయినా సెలవుల పట్టికలో తమ పండగ ఉండాలని అడగ్గలిగారు, సాధించుకోగలిగారు. వాళ్ల ఓటు పోర్ట్ లూయిస్‌లోనే లెక్కకొస్తుంది కాబట్టే అది సాధ్యమైంది.

భోజనంలో పప్పుతో చేసిన పచ్చిమిర్చి వడలు పెట్టారు. గాతో పిమాఁ అంటారు వాటిని. కొరికితే మన మసాలా వడే. మునగాకు కూర కూడా.

ఈ స్వాతంత్ర్యం అందరూ చేతులెత్తి స్వాగతించింది కాదు. 1967 ఎన్నికల్లో 40 శాతం పైగా ఓటర్లు స్వాతంత్ర్యం వద్దన్న పార్టీకే ఓటేశారు. ఇంగ్లండుతోనే ఉందాం, ఒంటరిగా బతకలేం అన్నారు. 1968 జనవరిలో రాజధానిలో మతకల్లోలాలు, బ్రిటిష్ సైనికుల పహరా. మార్చి 12న జెండా ఎగరేశారు. గాంధీజీ ఉప్పు సత్యాగ్రహానికి బయల్దేరిన తేదీ అది. సీవూసాగర్ రామ్‌గులాం తొలి ప్రధాని. అప్పటికి చెరకు తప్ప మరో ఆధారం లేదు, జనాభా పెరిగిపోతోంది, నిపుణులు ఆశ వదిలేశారు. 1970లో ఎగుమతి మండలం చట్టం తెచ్చారు. బట్టల మిల్లులు, ఆ తర్వాత హోటళ్లు, బ్యాంకులు వచ్చాయి. సెకండరీ చదువు ఉచితం చేశారు. భయపడిన ఆ 40 శాతం మంది పిల్లలు కూడా ఇదే జెండా కింద చదువుకుని పైకొచ్చారు.

అక్కణ్ణుంచి రీయూనియన్‌కి విమానం ముప్పావు గంట. గడియారం మార్చక్కర్లేదు, కానీ రోడ్డు ఎడమ నుంచి కుడికి మారిపోతుంది, రూపాయి యూరో అయిపోతుంది. యూరో నోట్లు చలామణిలోకి వచ్చిన 2002 జనవరి 1న తొట్టతొలి కొనుగోలు జరిగింది ఈ దీవిలోనే. కాలమానం యూరప్ కంటే ముందు కాబట్టి అర్ధరాత్రి సాన్ దెనీ మార్కెట్లో కిలో లిచీ పండ్లు కొన్నారు. విమానాశ్రయం నుంచి సాన్ దెనీ ఊళ్లోకి, అక్కణ్ణుంచి సముద్రం మీద స్తంభాలెత్తి కట్టిన అయిదు కిలోమీటర్ల పైచిలుకు వంతెన మీదికి పోతుంటే, మారిషస్‌కి అంత డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందని అనిపించింది. 1946 మార్చి 19 చట్టంతో ఈ దీవి వలస రాజ్యం కాకుండా ఫ్రాన్సు జిల్లా అయింది. అడిగింది దీవి ప్రతినిధులే. సమానత్వం కావాలి, పారిస్ కూలీకి ఉన్న హక్కులు చెరకు తోట కూలీకీ రావాలి అన్నారు. ఆ కోరికని చులకన చేయడం నా వల్ల కాదు. మలేరియాతో పిల్లలు చచ్చిపోతున్న కాలం అది.

సమానత్వం వచ్చింది, మెల్లగా. కనీస వేతనం పూర్తిగా సమానమైంది 1996లో, అంటే యాభై ఏళ్లకు. ఇవాళ ఆ వేతనం మారిషస్ వేతనానికి నాలుగైదు రెట్లు. సగటు ఆయుర్దాయం ఇక్కడ 80 దాటింది, మారిషస్‌లో 75 దగ్గర. మఫాత్ లోయకి రోడ్డే లేదు. కొండ అంచు మీద నిలబడి చూస్తే లోయ అడుగున పల్లెలు గుప్పెడంత ఇళ్లుగా కనిపిస్తాయి. కొన్ని వందల మంది ఉంటారు. వాళ్లకు బడి ఉంది, సరుకులు హెలికాప్టర్‌లో దిగుతాయి. కొన్ని వందల మంది కోసం ఒక రాజ్యం అంత ఖర్చు పెట్టడం చూసి మనసు నిండింది. మన ఏజెన్సీ కొండల్లో డోలీల మీద మోసుకొచ్చే గర్భిణులు గుర్తొచ్చారు.

అదే దీవిలో పనికి సిద్ధంగా ఉన్న ప్రతి ఆరుగురిలో ఒకరికి పని లేదు. మూడో వంతు పైగా జనం ఫ్రాన్సు లెక్క ప్రకారం పేదలు. 2022 పోలిక ప్రకారం ఆహారం ధర ప్రధాన భూభాగం కంటే 37 శాతం ఎక్కువ. సూపర్ మార్కెట్లో పెరుగు డబ్బా ధర చూసి పక్కనున్న పెద్దావిడ తిరిగి అరలో పెట్టేయడం చూశాను. ప్రభుత్వోద్యోగికి మాత్రం ప్రధాన భూభాగం మీద 53 శాతం ఎక్కువ జీతం. ఆ జీతానికి తగ్గట్టు బజారు, ఆ జీతం లేనివాడికీ అదే బజారు. 2018లో ఫ్రాన్సులో మొదలైన పసుపు చొక్కాల నిరసన ఉద్యమం ఇక్కడ కర్ఫ్యూ దాకా పోయిందంటే కారణం ఇదే.

సాన్ ఆంద్రే ఊళ్లో గోపురాలున్న గుళ్లు, ద్రౌపదమ్మ పేరిట నిప్పుల మీద నడిచే మొక్కు. తమిళులు, తెలుగువాళ్లు అన్న తేడా లేకుండా దక్షిణాది కూలీల సంతతి అందరినీ ‘మల్బార్’ అంటారు. ఫ్రాన్సు తన పౌరుల్ని పుట్టుక బట్టి లెక్కించదు. అందరూ ఫ్రెంచివారే. ఆ సూత్రంలో గౌరవం ఉంది. కానీ ఆ గౌరవం కింద యానాం నుంచి వచ్చినవాడి తెలుగు ఏమైందో చెప్పే కాగితం గుడి దగ్గర పరిచయమైన ఒక కాలేజీ కుర్రాడి ఇంట్లో లేదు. అతని ఇంటిపేరులో మన ‘సామి’ ఉంది, ముందు పేరు క్రైస్తవ సంతుది. “ఇంట్లో ఏ భాష మాట్లాడేవాళ్లో అమ్మమ్మకీ తెలీదు” అన్నాడు. మారిషస్ పల్లెలో ఆ టీచరమ్మ ఇంట్లో వేలాడదీసిన తెలుగు అక్షరమాల నాకు కళ్ల ముందు కదిలింది.

ఆ కుర్రాడే ‘క్రూజ్ పిల్లల’ సంగతి చెప్పాడు. 1962 నుంచి 1984 దాకా ఈ దీవి నుంచి రెండు వేలకు పైగా పిల్లల్ని తీసుకెళ్లి ఫ్రాన్సులో క్రూజ్ జిల్లాలాంటి చోట్ల జనం తగ్గిపోతున్న పల్లెల్లో పంచారు. చదువు చెప్పిస్తామని కన్నవాళ్లతో అన్నారు. చాలామంది పొలాల్లో పనివాళ్లయ్యారు. నైతిక బాధ్యత తమదేనని ఫ్రాన్సు పార్లమెంటు దిగువ సభ ఒప్పుకున్నది 2014లో. ఆ సభలో 577 మంది సభ్యులుంటే రీయూనియన్‌వాళ్లు ఏడుగురు. పిల్లలు పోయింది ఈ దీవివాళ్లకి. అది తప్పని ఒప్పుకునే అధికారం మాత్రం మిగతా 570 మంది చేతిలో ఉంది. సమానత్వంలో ఈ వెలితి ఎంత డబ్బు పంపినా పూడేది కాదని నా నమ్మకం.

అయితే స్వరాజ్యం ఉంటే చాలు అనడానికీ లేదు. 2024 జనవరిలో బెలాల్ తుపాను రెండు దీవుల్నీ తాకింది. రీయూనియన్‌లో ముందుగానే ఊదా రంగు హెచ్చరిక ఇచ్చారు, ఆఖరికి సహాయక సిబ్బంది కూడా కదలకూడదన్నారు. మారిషస్‌లో హెచ్చరిక సరిపోలేదు. జనం మామూలుగా పనికెళ్లారు, పోర్ట్ లూయిస్ వీధుల్లో వరద కార్లను ఈడ్చుకుపోయింది. ఆ తర్వాత వాతావరణ శాఖ అధిపతి రాజీనామా చేయాల్సి వచ్చింది. కోరంగి రేవు 1839 తుపానులోనే సర్వనాశనమైంది. తుపాను మాటెత్తితే మా ప్రాంతంవాళ్లం ఈ తేడాని తేలిగ్గా తీసుకోలేం. మంచి హెచ్చరిక ప్రాణం నిలబెడుతుంది, దాన్ని ఏ జెండా కిందివాడు ఇచ్చాడన్నది వరదలో ఉన్నవాడికి అక్కర్లేదు.

ఇంకో మచ్చ కూడా ఉంది. మారిషస్‌కి స్వాతంత్ర్యం ఇవ్వకముందే, 1965లో, ఛాగోస్ దీవుల్ని ఇంగ్లండు విడగొట్టి ఉంచుకుంది. 1968 నుంచి 1973 లోపు అక్కడి జనాన్నంతా ఓడలెక్కించి ఖాళీ చేయించింది, డియెగో గార్షియాలో అమెరికా సైనిక స్థావరం కోసం. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ విభజన చట్టవిరుద్ధమని అభిప్రాయం చెప్పింది. 2025 మేలో ఇంగ్లండు, మారిషస్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఒక దేశం కాబట్టే మారిషస్ ఆ ప్రశ్నను ఐక్యరాజ్యసమితి ద్వారా ఆ న్యాయస్థానం ముందుకు తీసుకెళ్లగలిగింది. కానీ పోర్ట్ లూయిస్ శివార్లలో ఛాగోస్ ముసలివాళ్లు తమను అడక్కుండానే తమ దీవి గురించి మాట్లాడుకుంటున్నారని ఇప్పటికీ బాధపడతారు. మారిషస్‌కే చెందిన అగలేగా దీవిలో మన భారతదేశం కట్టిచ్చిన రన్‌వే 2024 ఫిబ్రవరిలో మొదలైంది. అక్కడుండే మూడు వందల మంది భయాలు కూడా అలాంటివే. రాజధాని సముద్రం అవతలే ఉన్నవాడికి ఆ రాజధాని పేరు పారిసైనా పోర్ట్ లూయిసైనా బాధ ఒక్కటే. మన దేశం అక్కడ అడుగుపెట్టినప్పుడు ఆ మూడు వందల మందితో ముందు మాట్లాడాలని ఒక భారతీయుడిగా కోరుకుంటున్నాను.

తిరుగు విమానం మారిషస్ నుంచే. మళ్లీ టీచరమ్మ ఇంటికెళ్లాను. ఆవిడ భర్త బస్సు కండక్టర్‌గా చేశాడు, అరవై దగ్గరపడింది. 2025 బడ్జెట్‌లో వృద్ధాప్య పెన్షన్ వయసు 60 నుంచి అంచెలంచెలుగా 65కి పెంచారు. ఆయన పెన్షన్ వెనక్కి పోయింది. అదే పని రీయూనియన్‌లో చేసి ఉంటే చేతికి ఎంతొచ్చేదో ఆయనకి తెలుసు. అక్కడ బంధువులున్నారు. మరి అక్కడిలా ఫ్రాన్సుతోనో ఇంగ్లండుతోనో ఉండిపోతే బాగుండేదా అని అడిగాను.

ఆయన చాలా కోపంగా ఉన్నాడు, కానీ ఆ కోపం ఎవరి మీదో ఆయనకి స్పష్టంగా తెలుసు. “2024 నవంబర్లో ఈ ప్రభుత్వానికి 62లో 60 సీట్లిచ్చింది మేమే. శనివారం నిరసన ఊరేగింపుంది, నేనూ వెళ్తున్నాను” అన్నాడు. “మా మంత్రి ఇల్లు ఇక్కణ్ణుంచి రెండు బస్సు స్టాపులు. అతన్ని అడగడానికి నేను విమానం ఎక్కక్కర్లేదు కదండీ.”