నల్లమల వార అరటికి చెట్టు నీడ

నంద్యాల నుంచి మహానంది పోయే దారిలో మొదట కోతలైన వరి మళ్లు, ఆ తర్వాత అక్కడక్కడా పసుపు చేలు. నల్లమల దగ్గరపడుతున్న కొద్దీ రెండు పక్కలా అరటి తోటలే. మహానంది కోనేట్లో ఊరే నీళ్లు ఎండాకాలంలోనూ ఆగవు. గుడి దాటి కాలవలుగా పారి చుట్టుపక్కల రెండు వేల ఎకరాల దాకా తడుపుతాయని ఇక్కడి వాళ్లు చెబుతారు. ఆ తడి మీదే ఈ మండలం అరటికి పేరు తెచ్చుకుంది. ఇప్పుడు బోర్లు, డ్రిప్పు వచ్చి తోటలు ఇంకా విస్తరించాయి.

నేను వెళ్లింది మే నెలలో. నంద్యాలలో ఆ నెలలో ఎండ నలభై రెండు డిగ్రీలు దాటడం మామూలే. రోడ్డు పక్క తోటల్లో మధ్యాహ్నానికి అరటాకులన్నీ ఈనెకు రెండు వైపులా మడతపడి కిందికి వేలాడుతున్నాయి. ఆకులు చీలికలు పీలికలై ఉన్నాయి. వారం కిందటి గాలివానకు ఒక తోటలో సగం చెట్లు గెలలతో సహా పడమటి నుంచి తూర్పుకు ఒరిగిపోయాయి. కూలీలు ముదిరిన గెలలను ఏరి ఒక పక్కకు చేరుస్తున్నారు. ముదరని గెలలు అక్కడే పడి ఉన్నాయి. వాటిని కొనేవాడు లేడు.

నేను చూడటానికి వచ్చిన తోట ఇంకాస్త లోపల, కొండ వైపు ఉంది. గట్టు మీద కొబ్బరి, పడమటి అంచున ఒత్తుగా అవిశ, లోపల నాలుగైదు అరటి సాళ్లకు ఒకటి చొప్పున మళ్లీ అవిశ వరుస. మూలన పాత మామిడి చెట్లు నాలుగున్నాయి. లోపలికి అడుగుపెట్టగానే నా చూపు ఆకుల మీద పడింది. చాలావరకు ఒక్క చీలిక లేకుండా నిండుగా ఉన్నాయి. ఎండ పడే తోటలో ఆకు కంటే వెడల్పు, కాస్త పలుచన, తొడిమె కూడా పొడుగు. మిట్ట మధ్యాహ్నమైనా అవి మడతపడలేదు.

తోట యజమాని డెబ్బై దాటిన పెద్దాయన. "నీడలో అరటి బాగా కాస్తాదా పెద్దాయనా?" అని అడిగాను.

"నీడలో కాయదు నాయనా, సగం నీడలో కాస్తాది," అన్నారు. నన్ను ఒక సాలు మధ్యలోకి తీసుకుపోయి నేల చూపించారు. ఎండిన ఆకుల మీద వెలుతురు మచ్చలు మచ్చలుగా పడుతోంది. "మిట్టమధ్యానం నిలబడి కిందికి సూడు. ఎండెంతుందో నీడంత ఉండల్ల. నీడ ఎక్కువైతే కొమ్మ కొట్టేస్తా. ఎండ ఎక్కువైతే పెరగనిస్తా."

ఇది వినడానికి సులువుగా ఉన్నా దీని వెనక ఏడాది పొడుగునా లెక్క ఉంది. ఆయన పిలకలు నాటేది జూన్, జూలైలలో. ఆరడుగులకు ఆరడుగులు, అంటే ఎకరాకు 1200 మొక్కల లెక్క. అవిశ సాళ్లున్న చోట కొన్ని తగ్గుతాయి. వానాకాలంలో మబ్బు ఉంటుంది కాబట్టి అప్పుడు అవిశ కొమ్మలు బాగా నరికేసి అరటికి వెలుతురు వదులుతారు. నరికిన రొట్టలో కొంత ఆవులకు, మిగతాది అరటి మొదళ్లకు. సంక్రాంతి దాటాక కత్తి పక్కన పెట్టి అవిశను గుబురెక్కనిస్తారు. ఫిబ్రవరి, మార్చిలో గెల పడుతుంది. అక్కడి నుంచి కోతకు సుమారు మూడు నెలలు. అంటే గెల బరువెక్కే రోజులూ, ఎండ మండే రోజులూ, గాలివానల రోజులూ ఒక్కటే. ఆ మూడింటినీ ఒకేసారి తట్టుకునేందుకే ఆయనకు ఈ నీడ.

అరటికి మనం చెట్టు అని పేరు పెట్టాం గానీ దానికి మాను లేదు. అసలు కాండం భూమిలోని దుంప. పైన కనిపించే బోదె అంతా ఒకదానిమీద ఒకటి చుట్టుకున్న ఆకు డొప్పలే. దాని తలమీద పాతిక కిలోల గెల పెడితే గాలికి ఎట్లా ఆగుతుంది? అందుకే రెండు బొంగులు కత్తెర వేసి ఊతమిస్తారు. ఆ ఖర్చు ప్రతి తోటలోనూ పెద్దదే. ఈ తోటలో ఊతకర్రలు పూర్తిగా పోలేదు. పడమటి అంచున, గెల బాగా ఒంగిన చోట మాత్రం పెట్టారు.

నష్టం కూడా ఉంది, పెద్దాయన దాన్ని దాచలేదు. నీడ చెట్టు ఎండ చెట్టు కంటే ఆలస్యంగా గెల వేస్తుంది. గెలకు ఒక అత్తం తగ్గుతుంది, ఒక్కోసారి రెండు. లారీ కోసం ఒకేసారి తోటంతా కోయాలనుకునే వాళ్లకు ఇది కుదరదు. పసుపు మచ్చలతో మొదలై ఆకును మాడ్చే సిగటోకా తెగులు మాత్రం నీడలో తక్కువ. మందు కొట్టడం చాలా తగ్గించానన్నారు ఆయన. అది నాకు చిన్న లాభంగా అనిపించలేదు. ఆకు నిండుగా ఉండటంతో భోజనపు హోటళ్ల వాళ్లు ఆకు కోసమే వచ్చి పోతారట.

మామిడి చెట్ల కింద నీడ చిక్కన. అక్కడ ఆయన మిగతా తోటలో ఉన్న జీ9 రకం పండు అరటి పెట్టలేదు. కూర అరటి పెట్టారు. ఆ బొంత రకం మొండిది. నీళ్లకూ వెలుతురుకూ జీ9 లాగా అల్లాడదు. బోదెలు లావుగా, మామిడి కొమ్మల సందులో వెలుతురున్న వైపుకు ఒరిగి పెరిగాయి. ఒక గెల దగ్గర నిలబడి కాయ పట్టుకు చూశాను. పలకలు తేలి, కొస మొనదేరి, చల్లగా ఉంది. బయట ఎండలో రోడ్డు పక్కన ముట్టుకున్న కాయ వేడెక్కి ఉంది. ఇంటి కూరకు, బజ్జీల బండ్లకు, ఊళ్లో పెళ్లిళ్లకు ఈ మూల సరిపోతుందట.

అరటికి ఇది కొత్త బతుకేమీ కాదు. దాని అడవి బంధువులు పెద్ద చెట్ల సందుల్లో, వాగుల ఒడ్డున మొలిచేవి. ఆఫ్రికాలో కిలిమంజారో కొండవాలున చగ్గా రైతులు తరతరాలుగా పెద్ద చెట్ల కింద అరటి, అరటి కింద కాఫీ పెంచుతున్నారు. మన గోదావరి లంకల్లో, కోనసీమలో కొబ్బరి కింద అరటి మామూలు దృశ్యం. ఇక్కడ నల్లమల వారనే ఆ పద్ధతి అరుదు. ఎందుకు అరుదో ఆళ్లగడ్డ వైపు పోయాక తెలిసింది.

నంద్యాల నుంచి దక్షిణంగా నలభయ్యో నెంబరు జాతీయ రహదారి మీద ఆళ్లగడ్డ వస్తుంది. రోడ్డు వెంట శిల్పుల షెడ్లు, నల్లరాతి దేవుళ్లు, ఉలి చప్పుళ్లు. ఊరు దాటి అహోబిలం దిక్కు తిరిగితే మళ్లీ కొండ వార పొలాలు, తెలుగుగంగ నీళ్లు, అరటి. అక్కడ ఒక తోటలో భార్యాభర్తలు పడిపోయిన బోదెలు నరుకుతున్నారు. నాలుగెకరాలు కౌలుకు చేస్తున్నారు. ఆమెకు మహానంది తోట సంగతి చెప్పాను. చివరిదాకా విని, కొడవలి పక్కన పెట్టింది.

"అన్నా, సెట్టు నాటాలంటే నేల మాది కావల్ల గదా. మేం నాటితే వచ్చే ఏడు ఎవురు కౌలుకొస్తారో వాళ్లకు నీడ. ఇంకో మాట. గట్టు మీద సెట్టు పెడితే ఆసామి ఊరుకుంటాడా? రేపు నేల మాదంటారని బయం."

2019లో రాష్ట్రం పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. దాని కింద ఇచ్చే కార్డు గడువు పదకొండు నెలలు. దానికి భూమి యజమాని ఒప్పుకోవాలి. వీళ్ల యజమాని ఒప్పుకోలేదు, కార్డు రాలేదు. పడిపోయిన తోటకు పరిహారం వస్తే ఎవరి పేరున వస్తుందో వాళ్లకు తెలుసు. అరటికే నాటు నుంచి కోతకు పదకొండు, పన్నెండు నెలలు పడుతుంది. పిలక పంట తీస్తేనే పెట్టుబడి తేరుకుంటుంది. అలాంటి పంటకు పదకొండు నెలల కాగితం ఎటూ చాలదు. మామిడో కొబ్బరో నాటమని కౌలు రైతుకు చెప్పడం అన్యాయం. నీడ మంచిదా కాదా అనే ప్రశ్న ఆమె ముందు లేనే లేదు. రెండేళ్లకో మూడేళ్లకో కాగితం మీద కౌలు ఉంటే తప్ప ఈ జిల్లాలో అరటి తోటల్లోకి చెట్టు రాదని నా నమ్మకం. శాస్త్రవేత్తలు ఎంత చెప్పినా రాదు.

అయితే అవిశ సంగతి వేరు. అది ఏడాది తిరగకుండానే మనిషెత్తు దాటి పదిహేనడుగుల దాకా పోతుంది. కడప వైపు తమలపాకు తోటల వాళ్లు దాన్ని ముందు విత్తి, తీగను దానికి పాకించి, దాని నీడలోనే ఆకు పెంచుతారు. జూన్‌లో అరటి పిలకతో పాటే గట్టున అవిశ విత్తనం వేస్తే వచ్చే ఏప్రిల్ గాలికి అది అడ్డం నిలుస్తుంది. కౌలు ముగిసే నాటికి కొట్టేసి పొమ్మన్నా రైతుకు పెద్దగా పోయేదేమీ లేదు. రొట్ట మేకలకు, ఆకు కూరకు, కట్టె పొయ్యికి. ఈ మాట చెప్పగానే ఆమె భర్త మొదటిసారి తలెత్తాడు.

"మేకలు తింటాయా అన్నా?"

"బాగా తింటాయి."

మహానంది పెద్దాయనకు అక్కడి నుంచే ఫోన్ చేశాను. విత్తనం దండిగా ఉంది, రమ్మనండి అన్నారు ఆయన. ఎకరా గట్టుకు ఎన్ని సేర్లు, ఎన్ని అడుగులకు ఒకటి, నానబెట్టాలా వద్దా అని ఆమే ఫోన్ తీసుకుని అడిగింది. ఆసామి దగ్గరికి ముందు తానే పోయి, పడమటి గట్టు ఒక్కటీ ఒప్పిస్తానంది. లోపలి సాళ్ల సంగతి రెండో ఏడు కౌలు ఖాయమయ్యాక చూస్తామని ఇద్దరూ అనుకున్నారు.