నడుము సవరించే డాక్టరు

తొలిచూలు పుట్టింట పురుడు పోసుకోవడం మన ఆచారం. ఇప్పుడు చాలా ఇళ్ళలో అది తలక్రిందులైంది. కూతురు పుట్టింటికి రావడం మాని, తల్లే ఊరగాయలూ, కాయం సామానూ మూటగట్టుకుని విమానం ఎక్కుతున్నది. నేనూ అలాగే ఎక్కాను. మా అమ్మాయి కాపురం అమెరికాలో, అయోవా రాష్ట్రంలో, మిస్సిసిపీ నది ఒడ్డున ఉన్న డావెన్‌పోర్టు అనే ఊళ్ళో.

నేను వెళ్ళేసరికి దానికి ఏడో నెల. మనిషి కళగానే ఉంది గాని, నడుము నొప్పితో సతమతమైపోతున్నది. కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాలి. మంచం మీద ప్రక్కకు ఒత్తిగిలాలంటే మొగుణ్ణి లేపాలి. "అమ్మా, తుంటి ఎముకలు రెండూ విడిపోతున్నట్టుందే" అని ఒక రాత్రి నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది.

"కడుపుతో ఉన్నవాళ్ళకి నడుము నొప్పి కాక మరేమొస్తుందీ?" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మా అమ్మ నాతో అన్నది అదే, వాళ్ళమ్మ ఆవిడతో అన్నదీ అదే. నేను మాత్రం అనలేదు. ఆ మాటతో తగ్గిన నొప్పిని ఇంతవరకూ నేను చూడలేదు మరి.

"కైరోప్రాక్టరు దగ్గరకు తీసుకువెడదామండీ అత్తయ్యగారూ" అన్నాడు అల్లుడు.

ఆయనెవరయ్యా అంటే, వెన్నుపూసలు చేత్తో నొక్కి సవరించే డాక్టరట. నా గుండె ఝల్లుమంది. నాకు తెలిసిన సవరింపు ఒక్కటే. క్షవరం కాగానే మంగలి మా నాన్నగారి మెడ పట్టుకుని ఇటొకసారీ అటొకసారీ ఠక్కుమనిపించేవాడు. ఏడో నెల చూలాలికి ఆ పనేమిటి?

తీరా విచారిస్తే ఆ విద్య పుట్టిందే ఈ ఊళ్ళో. అంతకుముందు అయస్కాంత వైద్యం చేస్తూ ఉండిన డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన, 1895 లో హార్వీ లిలార్డ్ అనే చెవిటి మనిషి వెన్ను నొక్కి సవరిస్తే అతనికి మళ్ళీ వినిపించిందని చెప్పుకున్నాడు. 'చేత్తో చేసేది' అని అర్థం వచ్చే గ్రీకు మాటలతో దానికి పేరు పెట్టారు. ఇంచుమించు రోగాలన్నిటికీ మూలం వెన్నులోనే ఉందన్నాడాయన. మామూలు వైద్యులు ఒప్పుకోలేదు. లైసెన్సు లేకుండా వైద్యం చేశాడని 1906 లో ఆయన జైలుకు కూడా వెళ్ళవలసి వచ్చింది. రోగాలన్నీ వెన్నులోంచే వస్తాయన్న ఆ వాదాన్ని నేటి శాస్త్రం కూడా ఒప్పుకోదు. అయినా నడుము నొప్పికని వెళ్ళేవాళ్ళు చాలామంది. ఇప్పుడు ఆ దేశంలో 50 రాష్ట్రాలలోనూ వీరికి లైసెన్సు ఇస్తున్నారు. ఆయన పేర వెలసిన కాలేజీ ఆ ఊళ్ళోనే ఉన్నది.

"ముందు పురుడు పోసే డాక్టరమ్మను అడుగుదాం" అన్నాను. ఆవిడ కాగితాలన్నీ తిరగవేసింది. రక్తస్రావం లేదు, మాయ క్రిందికి లేదు, రక్తపు పోటు సరిగ్గా ఉంది. "నడుముకు మెల్లగా చేయించుకోవచ్చు. మెడ మాత్రం విరవనివ్వకండి" అన్నది. మెడను గట్టిగా తిప్పితే, అరుదుగానైనా, మెదడుకు పోయే రక్తనాళం చిరిగే ప్రమాదం ఉన్నదట.

ఆ కైరోప్రాక్టరు కూడా ఆడమనిషే. ముట్టుకోవడానికి ముందు అరగంట సేపు ప్రశ్నలే అడిగింది. నొప్పి ఎక్కడ, ఎప్పుడు, మెట్లెక్కితేనా, పడుకుంటేనా, కాలు తిమ్మిరెక్కుతున్నదా అని. అమ్మాయి నొప్పిని గురించి అంత ఓపికగా ఆలకించిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. ఎక్స్‌రే మాట ఎత్తనే లేదు. పొట్ట ఒరుసుకోకుండా మధ్య పల్లం ఉన్న బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, నడుము క్రింద ముక్కోణపు ఎముక దగ్గర అరచేత్తో మెల్లగా నొక్కింది. నొక్కినప్పుడల్లా బల్లముక్క దబ్బుమని కొంచెం క్రిందికి దిగేది. చప్పుడు బల్లదే గాని మా పిల్లది కాదు!

తరువాత కారణం చెప్పింది. గర్భిణి ఒంట్లో రిలాక్సిన్ మొదలైన స్రావాలు పుట్టి, కటి ఎముకలను పట్టి ఉంచే కట్లను సడలిస్తాయి. పొట్ట బరువు ముందుకు లాగుతుంది, దాన్ని ఆపడానికి నడుము వెనక్కు వంగుతుంది. పడుకున్నప్పుడు మోకాళ్ళ మధ్య దిండు, ఒత్తిగిలేటప్పుడు రెండు మోకాళ్ళూ కలిపి తిరగడం, బట్టలు ఒంటికాలి మీద నిలబడకుండా కూర్చుని తొడుక్కోవడం, రోజూ నాలుగు తేలికపాటి వ్యాయామాలు, నడుముకొక పట్టీ—ఇదీ ఆవిడ వ్రాసి ఇచ్చిన చిట్టా.

మూడు వారాలలో నొప్పి సగానికి తగ్గింది. సవరింపు వల్లనా, వ్యాయామం వల్లనా, దిండు వల్లనా అంటే విడదీసి చెప్పలేను. వ్యాయామం మేలు చేస్తుందనడానికి పరీక్షలు కొన్ని ఉన్నాయి గాని, సవరింపును గురించి జరిగినవి తక్కువ, చిన్నవి. ఏమైతేనేం, అమ్మాయి రాత్రిళ్ళు నిద్రపోయింది. నాకు అంతే చాలు.

అసలు గొడవ తొమ్మిదో నెలలో వచ్చింది. బిడ్డ తల పైకి, కాళ్ళు క్రిందికీ ఉన్నదన్నారు. ఎదురుకాళ్ళ బిడ్డ! ప్రక్కింటావిడ వచ్చి, "మీ కైరోప్రాక్టరునే అడగండి, వెబ్‌స్టర్ పద్ధతి అని ఉన్నది, బిడ్డ తిరిగిపోతుంది" అన్నది. లారీ వెబ్‌స్టర్ అనే కైరోప్రాక్టరు 1980ల నాడు పెట్టిన పద్ధతి అది. అమ్మాయి దాన్ని పట్టుకుని వదలలేదు. ఆస్పత్రికి వద్దంటుంది. "కోత లేకుండా దారి ఉంటే నువ్వెందుకమ్మా అడ్డం పడతావు?" అని నా మీద విరుచుకు పడింది.

"అడ్డం పడను. ఇద్దరినీ అడిగి, తరువాత నీ ఇష్టం" అన్నాను.

డాక్టరమ్మ లెక్క చెప్పింది. ఏడో నెలలో నలుగురైదుగురు బిడ్డల్లో ఒకరు ఎదురుకాళ్ళతోనే ఉంటారు. నెలలు నిండేసరికి నూటికి ముగ్గురో నలుగురో మిగులుతారు. తక్కినవాళ్ళంతా తమంతట తామే తిరుగుతారన్నమాట. ఆ లోపల ఏ చెట్టుకు మ్రొక్కినా, ఆ చెట్టుకే కీర్తి! వెబ్‌స్టర్ పద్ధతిని, ఏమీ చేయకుండా ఊరుకోవడంతో సరిగా పోల్చి చూసిన పరీక్షలు లేవన్నది.

కైరోప్రాక్టరు కూడా నిజమే చెప్పింది. "నడుము బాధ తగ్గడానికి చేస్తాను. బిడ్డను తిప్పుతానని మాట ఇవ్వలేను. ఆస్పత్రికి వెళ్ళడం మానకండి." ఆ మాటతో నాకు ఆవిడ మీద గౌరవం రెట్టింపయింది.

37వ వారంలో ఆస్పత్రిలో, గర్భసంచి సడలడానికి మందిచ్చి, బిడ్డ గుండె చప్పుడు చూసుకుంటూ, డాక్టరమ్మ పొట్ట పైనుంచి చేతులతో బిడ్డను తిప్పబోయింది. అవసరమైతే వెంటనే ఆపరేషను చేయడానికి అంతా సిద్ధం. ఈ ప్రయత్నం ఇంచుమించు సగం మందికి ఫలిస్తుంది. మాకు ఫలించలేదు. రెండు వారాల తరువాత ఆపరేషను చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం.

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తొక్కిస్తే నడుము పట్టు వదులుతుందని మన వైపు ఒక నమ్మకం ఉన్నది గదా! ఫోనులో కబురు వినగానే మావారు, "అయితే నా నడుముకు ఇక దిగులు లేదు" అన్నారు. కోత పురుడు లెక్కలోకి వస్తుందో రాదో పెద్దలు తేల్చాలి.

కైరోప్రాక్టరు లేని ఊళ్ళోనూ కడుపుతో ఉన్న కోడళ్ళూ, కూతుళ్ళూ ఉంటారు. మన దగ్గర చదువుకున్న ఫిజియోథెరపిస్టులు ఉన్నారు, ఇదే వ్యాయామం నేర్పుతారు. సవరించే చేయి ఎవరిదైనా సరే, ముందు పురుడు పోసే డాక్టరు సరే అనాలి. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా, తలనొప్పితో చూపు మసకేసినా, కాళ్ళు మొద్దుబారినా, నడుము నొప్పి ఆగి ఆగి వరుసగా వస్తున్నా, అది నొక్కించుకునే నొప్పి కాదు, తిన్నగా ఆస్పత్రికే పోవాలి.

అన్నిటికంటే ముందు, పిల్ల "నడుము నొప్పే" అన్నప్పుడు "అందరికీ ఉండేదేగా" అనకండి. కూర్చోబెట్టి, ఎక్కడమ్మా అని అడగండి. దానికి ఏ లైసెన్సూ అక్కర లేదు.