పాతిక కిలోల బస్తా

కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో పండగ సరుకులు కొన్నప్పుడు, 25 కిలోల సోనా మసూరి బస్తా మీ కారు డిక్కీలో ఎవరో ఒకరు పెడతారు కదా! కొన్నేళ్లపాటు ఆ 'ఎవరో ఒకరు' నేనే.

ఓ దీపావళి ముందు, తలకన్నా ఎత్తున పేర్చిన దొంతర మీంచి బస్తా లాగుతుంటే నడుము కలుక్కుమంది. యజమానికి చెప్పలేదు. పర్మిట్ మీద ఉన్నవాడికి నొప్పి కన్నా నోటీసు భయం ఎక్కువ. మా ఆవిడ బామ్ రాసింది, మర్నాడు మళ్లీ ఎత్తాను. శుద్ధ తెలివితక్కువ పని.

తర్వాత ఓ మిత్రుడు చెబితే తెలిసింది. 1994 నాటి మలేషియా భద్రతా చట్టం షాపులకూ వర్తిస్తుంది. పని ప్రమాదకరంగా ఉందని ఫిర్యాదు చేసినందుకు ఉద్యోగం తీసెయ్యడం నేరం. 2019 జనవరి నుంచి పర్మిట్ మీద పనిచేసే విదేశీయులకూ పనిలో తగిలే గాయాలకు సోక్సో రక్షణ ఉంది. 2024 జూన్ 1 నుంచి ఇంకొకటి వచ్చింది: దొంతర మీద పడేలా ఉందని చెప్పినా యజమాని పట్టించుకోకపోతే అక్కణ్ణించి తప్పుకోవచ్చు.

ఇక బరువు సంగతి. బ్రిటన్ భద్రతా శాఖ వారి మార్గదర్శక లెక్క చూసి నోరెళ్లబెట్టాను. ఒంటికి దగ్గరగా, నడుమెత్తులో అయితే మగవాళ్లకు 25 కిలోలు, ఆడవాళ్లకు 16. అదే భుజాల పైన అయితే 10, 7 మాత్రమే!

చివరికి ధైర్యం చేసి యజమానికి చెప్పాను. ఆయన గొణిగాడు గానీ, దొంతరలు నడుమెత్తుకు దింపించి ఓ ట్రాలీ కొన్నాడు. దాని మీద మా చిన్నది రెండుసార్లు షికారు చేసింది, అది వేరే సంగతి.