వేపచెట్టుకో సంతకం

సికిందరాబాదులో మా ఇంటిముందున్న వేపచెట్టు కొట్టించేద్దామని మావారు ప్రకటించిన రోజున నేనూ సరేనన్నాను. అబద్ధమెందుకు, రోజూ పొద్దున్నే రెండు చేటల ఆకు ఊడ్చేది నేనే కదా! వేళ్ళు కాంపౌండు గోడని నెర్రెలిచ్చేలా చేశాయి. ఆకు రాలే కాలంలో పక్కింటావిడ పలకరింపు మానేస్తుంది. పైగా కొత్తగా కొన్న కారుకి షెడ్డు కావాలి.

మన స్థలం, మన చెట్టు. కట్టెల అడితికి కబురు పెడితే చాలుననుకున్నాం. వచ్చినవాడు చెట్టు వంక చూసి, "పర్మిషను కాయితం ఉందామ్మా?" అన్నాడు.

అప్పుడు తెలిసింది వాల్టా చట్టం సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టమది. రాష్ట్రం రెండయ్యాక రెండుచోట్లా ఉంది. సొంత పెరట్లో చెట్టయినా సరే, కొట్టేముందు అనుమతి తీసుకోవాలి. సరుగుడు, జామాయిల్ లాంటి కొన్నిటికి మినహాయింపు ఉంది గానీ వేపకి లేదు. కొట్టినందుకు బదులు మొక్కలు నాటాలిట కూడానూ!

"ఇల్లు కట్టడానికో పర్మిషను, చెట్టు కొట్టడానికో పర్మిషనూనా?" అని విసుక్కుంటూనే మావారు ఆఫీసుకెళ్ళి దరఖాస్తు తెచ్చారు. "ఇంటి యజమాని సంతకం కావాలిట" అన్నారు నెమ్మదిగా.

ఇల్లు అత్తగారి పేర ఉంది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వారం రోజులుగా కట్టెల బేరం, షెడ్డు కొలతలు అన్నీ ఆవిడకి వినబడేలాగే మాట్లాడుకున్నాం. ఆవిణ్ణి మాత్రం ఒక్క మాట అడగలేదు. ఆ చెట్టు నాటింది ఆవిడే. మావగారు పోయాక మధ్యాహ్నాలన్నీ దాని నీడనే మడతకుర్చీలో గడుపుతున్నదీ ఆవిడే.

కాయితం నేనే తీసుకెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకుని, మావారు కారణం రాసినచోట ఆగి చదివారు. 'గోడ పాడవుతోంది.'

"గోడదేముందమ్మాయ్, మళ్ళీ కట్టుకోవచ్చు" అన్నారు. అంతే. సంతకం చెయ్యననలేదు. "మీ ఇష్టం" అంటూ కలం కూడా అందుకున్నారు. నేనే ఆ కాయితం వెనక్కి తీసేసుకున్నాను.

ఇప్పుడు మా గోడ చెట్టు దగ్గర కాస్త వంకర తిరిగి వెళ్తుంది. కారు వీధిలోనే ఉంటుంది. ఆకు ఊడ్చేదీ నేనే. కానీ చెప్పొద్దూ, సర్కారువారు అడగమంటే తప్ప ఇంట్లో పెద్దావిణ్ణి అడగాలని మాకు తోచలేదన్న సంగతి, చీపురు పట్టినప్పుడల్లా గుర్తొస్తూనే ఉంటుంది.